వస్తానన్న బావి

వస్తానన్న బావి అని ఒకటుంది. మీరెవరూ చూసుండరు, చూడొద్దు కూడా. మార్కాపురం దాటి, గిద్దలూరు దాటి, నల్లమల అడవి మొదలయ్యే కాడ పెద్ద రోడ్డు తిన్నగా పోతా ఉంటే ఎడమ పక్కకి పాత బాట ఒకటి చీలుతుంది, ఆ బాటన కాస్త పోతే ముసలి చింతచెట్టు, దాని పక్కన రాతికట్టు బావి. ఆ చెట్టు కాయ కోసేవాళ్ళు లేరు, రాలింది రాలినట్టే ఎండిపోతుంది. మేకలు తోలుకొచ్చేవాళ్ళు ఎండకి నాలిక పిడచకట్టుకుపోయినా ఆ నీడకి పోరు, వాళ్ళు పోదామన్నా మేకలు పోవు. ఎందుకయ్యా అని అడిగితే ఎవడూ చెప్పడు, చెయ్యి ఇట్టా ఊపి మాట మార్చేస్తాడు. నేను చెప్తా. మీరు మాత్రం చేతులు ఆపొద్దు, ఈ మిరపకాయల కుప్ప తొడిమలు తీయటం అయ్యేదాకా ఎవరూ లేచేది లేదు. ఆ చేత్తో కళ్ళు నులుముకోవద్దు. నులుముకుంటే ఏడిపించటానికి దెయ్యం రానక్కర్లేదు.

కథకి ముందు ఒక సంగతి. మనం ఒకరింటికి పోయి, కాసేపు కూర్చుని, లేచి బయల్దేరేటప్పుడు ఏమంటాం? వస్తానత్తా, వస్తానొదినా, పోయొస్తా పెద్దమ్మా అంటాం. అంతేగానీ పోతా అని ఎవరన్నా అంటారా? మా చిన్నప్పుడు నోరుజారి పోతున్నా అంటే పెద్దోళ్ళు మూతిమీద ఒకటిచ్చేవాళ్ళు, పోయేదేందే అపశకునం, వస్తానని చెప్పు అని. కాళ్ళేమో అవతలికి పోతా ఉంటాయి, నోరేమో వస్తా అంటా ఉంటుంది. మనకి అలవాటైపోయి తెలీదుగానీ, ఎదుటి మనిషి ఆ మాటని ఉన్నదున్నట్టు పట్టుకుని కూర్చుంటే మన గతేంది? అదే ఈ కథంతా.

ఆదెమ్మ అని ఒకామె ఉండేది. ఆమె మొగుడు కాశయ్య, లారీ తోలేవాడు. ముందు ముక్కు పొడుచుకొచ్చినట్టుండే పాత లారీ, అప్పట్లో అవే తిరిగేవి. మన వైపు నించి మిరపకాయలు ఏసుకుని బళ్ళారి పోయేవాడు, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలో ఏదో ఏసుకుని వచ్చేవాడు. నెమ్మదైన మనిషి, నోట్లోంచి మాట రావాలంటే పక్కన ఇంకొకరు బతిమాలాలి. ఆ కొరవంతా ఆదెమ్మ తీర్చేది. పెళ్ళయ్యి చానా ఏళ్ళయినా పిల్లల్లేరు. ఆమెకా దిగులు లేకపోలేదు, ఉంది, లోపలెక్కడో ముల్లులాగా ఉంది, అయితే బయటికి చూపించే రకం కాదు.

ఆమెకి మర్యాద పిచ్చి. ఇంటికొచ్చినోళ్ళు మంచినీళ్ళు తాక్కుండా పోతే చెంబు పట్టుకుని వీధి చివరిదాకా వెంటపడి తాగించి వచ్చేది. ఇక తను ఒకరింటికి ఒకసారి పోయి వచ్చిందా, వాళ్ళు మళ్ళీ తనింటికి వచ్చిందాకా నిద్రపోనిచ్చేది కాదు. అంగడి కాడ కనపడినా సరే, పెళ్ళిలో కనపడినా సరే, నలుగురిలో నిలదీసేది, నేను మీ ఇంటికొచ్చాను, నువ్వు మా ఇంటికొచ్చావా అని. సందుమొగలో ఆమె కనపడితే జనం ఇంకో సందున పోయేవాళ్ళంట. పోరా మరి? చేతిలో పనులన్నీ వదిలేసి ఆదెమ్మ ఇంటికి పోయి కూర్చోవాలంటే ఎవరికి కుదురుతుంది? సరే, ఆ పిచ్చి సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు ఆ పాత బాట ఏందో చెప్తా. పెద్ద రోడ్డు పడకముందు బళ్ళన్నీ ఆ బాటనే పోయేవి. ఆ బాట పక్కన బాట పోలేరమ్మ ఉంది. గుడి గోపురం ఏమీ లేదు, వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, రెండు వెండి కళ్ళు, అంతే. రోడ్డు అవతల నించి పడ్డాక ఊళ్ళవాళ్ళు మర్చిపోయారుగానీ లారీలవాళ్ళు మర్చిపోలా. కొండ ఘాటు రోడ్డు ఎక్కబోయే ముందు పెద్ద రోడ్డు దిగి, ఆ బాటన మలుపు తిరిగి, అమ్మకి టెంకాయ కొట్టి, మళ్ళీ వెనక్కొచ్చి రోడ్డెక్కేవాళ్ళు. తొందరపని ఉన్నా సరే, సరుకు కుళ్ళిపోతదని షావుకారు తిట్టినా సరే, అమ్మని దాటుకుని పోయేవాళ్ళు కాదు. మొక్కు తీరినవాడు గంట కట్టడు ఆడ. లారీకి పక్కన ఉండే రబ్బరు బూర, నొక్కితే పోం పోం అంటదే, ఆ బూర తీసి వేపకొమ్మకి కడతాడు. చెట్టు నిండా బూరలే. పోయినవాడు దణ్ణం పెట్టుకుని ఒక బూర నొక్కి రావటం పద్ధతి. అమ్మకి కూడా అలవాటైపోయి ఉంటది ఆ మోత.

కాశయ్య ఒక ఎండాకాలం ఇట్టాగే అమ్మ కాడికని మలుపు తిరిగాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. చింతచెట్టు కాడికి వచ్చేసరికి లారీ ముక్కులోంచి పొగలు కక్కింది. నీళ్ళు పోయాలిగదా, దిగాడు. క్లీనరు మస్తాను వెనక మిరపకాయల టిక్కీ బస్తాల మీద పడుకుని నిద్రపోతున్నాడు. బావి ఒడ్డున ఒకామె కూర్చుని ఉంది, పక్కన ఇత్తడి చెంబు ఉంది. అడక్కముందే లేచి లారీకి నీళ్ళిచ్చింది, ఆయన దోసిలి పడితే దోసిట్లో పోసింది. చల్లగా, తియ్యగా ఉన్నాయంట. తాగి, మూతి తుడుచుకుని, మన పుట్టుక అలవాటు చొప్పున అన్నాడు, వస్తానమ్మా అని. ఆమె ఆయన మొహంలోకి చూసి, రా, అంది. అంతే జరిగింది. మీరైనా నేనైనా ఆడ ఉంటే అదే మాట అనేవాళ్ళం గదా?

ఆ రోజు నించి కాశయ్యకి ఏ నీళ్ళూ రుచించలా. కడవ ఎత్తి తాగినా దప్పిక తీరేది కాదు. అన్నం కెలికి వదిలేసేవాడు. మధ్యాహ్నం అయ్యిందంటే ఏ పనిలో ఉన్నా ఆపి పడమటి దిక్కు చూస్తా నిలబడేవాడు. బళ్ళారికని బయల్దేరిన లారీ బావిదాకా పోయి వెనక్కొచ్చేది. దాని అవతలే ఉన్న పోలేరమ్మ కాడికి కూడా పోయేవాడు కాదు, అదీ విడ్డూరం. సరుకు లేకపోయినా ఒట్టి లారీ ఏసుకుని పోయేవాడు. షావుకారు తిట్టి చూశాడు, బతిమాలి చూశాడు. మనిషి బుగ్గలు లోపలికి పోయి, చొక్కా కొయ్యకి తగిలించినట్టు ఏలాడతా ఉండేది. తాయెత్తు కట్టించారు, ఆర్.ఎం.పీ. దగ్గర సూది ఏయించారు, ఏదీ పనిచేయలా. ఏందయ్యా నీ బాధ అని ఆదెమ్మ తల పట్టుకుని అడిగితే ఒకటే మాట, వస్తానన్నా గదా, పోకపోతే ఏం బాగుంటది అని.

ఈలోగా మస్తాను పని మానేశాడు. పోతా పోతా గుమ్మంలో నిలబడి, వదినా, అన్న ఆడెవరో ఆమెతో మాట్లాడతాడు, నాకైతే ఎవరూ కనపడరు, ఎండిపోయిన బావి కాడ ఒట్టి దోసిలి పట్టి తాగుతాడు, నేనింక ఆ లారీ ఎక్కను అని చెప్పాడు. చెప్పింది ఇంత ఉంటే ఆదెమ్మ చెవిలో పడింది ఎంత? ఎవరో ఆమె అన్న మాట ఒక్కటే. తక్కిందంతా గాలికి పోయింది. ఓహో, ఇదా సంగతి, దారిలో ఇంకో కాపురం పెట్టాడా ఈ మూగ మొగుడు అని లోపల సలసలా కాగిపోయింది. పిల్లల్లేనిదాన్ని గాబట్టి ఇట్టా చేశాడని ఆ రాత్రంతా గోడవైపు తిరిగి ఏడ్చింది. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, క్లీనరు లేడుగదా, నేనొస్తా నీతో, నాకూ పోలేరమ్మని చూడాలని ఉంది అంది. ఆమె అంటే ఆగేదెవరు? ఒక మూటలో టెంకాయ, పసుపు కుంకుమ పొట్లం, పెరుగన్నం గిన్నె పెట్టుకుని, కొంగు బిగించి, క్లీనరు కూర్చునే చోట ఎక్కి కూర్చుంది. ఆమె మనసులో పోలేరమ్మ లేదు. ఆ ఆడదాని జుట్టు ఉంది.

దారంతా కాశయ్య పలకలా. ఎప్పుడూ పలికే మనిషి కాదనుకోండి, అయినా ఈ పలక్కపోవటం వేరు. గిద్దలూరు దాటాక ఆయన చేతులు ఆడుతున్నాయిగానీ కళ్ళు రోడ్డు మీద లేవు. ఆదెమ్మకి అప్పుడు మొదటిసారి కోపం పక్కకి జరిగి భయం వేసింది. ఇంకో ఆడదాని కాడికి పోయే మొగోడు ఇంత దిగులుగా పోతాడా అనుకుంది. మలుపు తిరిగారు. చింతచెట్టు కనపడింది. లారీ ఆగీ ఆగకముందే ఆయన దిగి నడిచిపోయాడు, ఇంజను ఆపను కూడా ఆపలా.

మిట్టమధ్యాహ్నం. మీరంతా దెయ్యాలు చీకట్లోనే తిరుగుతాయనుకుంటారుగదా? మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ళ కిందికే పోతుంది, నీడ ఉన్నదెవరో లేనిదెవరో ఎవరికి తెలుస్తుంది? అందుకే వాళ్ళకి ఆ వేళంటే ఇష్టం.

ఆదెమ్మ కూడా మూట చేతికి తగిలించుకుని దిగింది. బావిలోకి తొంగిచూస్తే అడుగున పగుళ్ళిచ్చిన మట్టి, ఎండిన చింతాకు, అంతే. చుక్క నీరు లేదు. కాశయ్యేమో దోసిలి పట్టి గుటకలు వేస్తున్నాడు, గడ్డం మీదనించి ఎర్రటి దుమ్ము కారుతుంది. మస్తాను చెప్పిన మాటల్లో తను వినని సగం అప్పుడు వినపడింది ఆమెకి. అప్పుడే, మస్తానుకి ఏనాడూ కనపడని మనిషి కూడా ఆమెకి కనపడింది. ఎదురుగా ఒకామె, చేతిలో ఇత్తడి చెంబు. ఆదెమ్మ వయసే ఉంటది. వెనకటి కాలపు గళ్ళ చీర, తలనిండా దుమ్ము. ఆ ఎండకి రాళ్ళు కాలుతున్నాయి, ఆదెమ్మ రవికె తడిసి ముద్దయ్యింది, ఆమె నుదుట మాత్రం చెమట బొట్టు లేదు. ఇంకే బొట్టూ లేదు.

ఏమే అని మొదలుపెట్టబోయింది ఆదెమ్మ. ఈలోగా కాశయ్య ఏం చేశాడు? ఒక కాలు తీసి బావి గట్టు మీద పెట్టాడు. రెండోది కూడా పెడితే ఇంకేముంది లోపలికే. ఆదెమ్మ ఒక్క ఉరుకున పోయి చొక్కా పట్టుకుంది. రోజూ ఆమె కసిరితే కదిలే మనిషి, ఆ వేళ రాతి స్తంభం అయిపోయాడు. పట్టి లాగింది, నడుం వాటేసుకుని లాగింది. ఇంత కూడా కదల్లా.

"ఈయన నా మొగుడు," అంది ఆదెమ్మ.

"వస్తానన్నాడు," అంది ఆమె. గొంతులో కోపం లేదంట, గీర లేదంట, ఉన్న మాట చెప్పినట్టు చెప్పిందంట. ఇన్నాళ్ళూ గట్టుదాకా వచ్చి పోతున్నాడు, ఇవాళ లోపలికి రమ్మన్నా అని కూడా చెప్పింది.

వస్తానంటే బయల్దేరుతున్నానని గదమ్మా అర్థం, లోకంలో అందరూ అనే మాటేగదా అని ఆదెమ్మ బతిమాలింది. దానికామె, "పోయేవాడు పోతానని చెప్పాలక్కా. వస్తానని చెప్తే కూర్చునేవాళ్ళు కూర్చునే ఉంటారు," అంది.

ఆ కూర్చునే ఉంటారన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం వణికింది. ఆదెమ్మ అది పట్టుకుంది. ఎవరమ్మా నిన్ను కూర్చోబెట్టింది అని అడిగింది. అడిగితే ఆమె చెప్పింది, చానా కాలం ఎవరూ అడగని మాటగదా, గబగబా చెప్పింది. రోడ్డు లేని రోజుల్లో మొగుడితో బండెక్కి పోలేరమ్మ మొక్కు తీర్చటానికి వస్తా ఉంటే, ఈడ బండి ఆపి, ఈ నీడన కూర్చో, ముందుకి పోయి దారి చూసొస్తా అన్నాడంట. కదలొద్దు, ఇప్పుడే వస్తా అన్నాడంట. ఈమె కదల్లా. ఆ పూట కదల్లా, ఆ మర్నాడూ కదల్లా. బావిలో నీళ్ళు పక్కనే ఉన్నా చేదుకోవటానికి లేవలా, లేచినప్పుడే ఆయన వచ్చి నేను లేనని తిరిగిపోతాడేమోనని. అట్టా కూర్చునే పోయింది ఆ తల్లి. అవతల అమ్మవారు కూతవేటు దూరంలోనే ఉంది, అంతదూరం కూడా పోలా. ప్రాణం పోయాక కూడా కూర్చునే ఉంది. దారిన పోతా నీళ్ళకని ఆగిన ప్రతివాడికీ నీళ్ళిచ్చేది, వాళ్ళంతా వస్తాననే చెప్పేవాళ్ళు, ఈమె రా అనేది.

ఆదెమ్మకి కళ్ళనీళ్ళు ఆగలా. ఒక చేత్తో మొగుడి చొక్కా పట్టుకునే ఉంది, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది. భయం పోయింది. ఎవడో వాడు, ఆ బండివాడు, వాణ్ణి దొరికించుకుని నాలుగు అడగాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆ పక్క కాశయ్య రెండో కాలు కూడా లేస్తా ఉంది. ఏడిస్తే ఆగేది కాదు, తిడితే ఆగేది కాదు. ఆమెకి మంత్రాలు రావు, తంత్రాలు రావు. వచ్చిందొక్కటే, జనం పారిపోయే ఆ పిచ్చి ఒక్కటే. అదే బయటికొచ్చింది. కావాలని అన్నది కాదు, అంగడి కాడ అనేదే ఆడా అనేసింది, అలవాటు.

"ఇన్నిసార్లు ఈయన మీ ఇంటికొచ్చాడు. నువ్వు ఒక్కసారన్నా మా ఇంటికొచ్చావా?"

ఆమె బిత్తరపోయింది. నిజం చెప్తున్నా, దెయ్యం బిత్తరపోయింది. చెంబు చేతిలో పక్కకి ఒరిగిపోయింది. మరి పోదూ? అన్నేళ్ళలో ఆమె కాడికి భూతవైద్యులు వచ్చారు, నిమ్మకాయలు కోశారు, వేపమండలు విసిరారు, పో పో అన్నవాళ్ళేగానీ ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

ఆదెమ్మకి పట్టు దొరికింది, ఇంక వదుల్తుందా? రాకపోకలంటే రెండు పక్కలా ఉండాలమ్మా అంది. మా ఆయన వస్తానన్నాడు, వచ్చాడు, ఒకసారి కాదు ఇంక ఒంట్లో ఓపిక లేనంతగా వచ్చాడు, మా వైపు మాట తీరిపోయింది, ఇప్పుడు వంతు నీది, వంతు తీర్చకుండా ఇంకా ఆయన్నే రమ్మంటే నలుగురూ ఏమనుకుంటారు, మీ పుట్టింటివాళ్ళు నేర్పలేదా ఇది అని కడిగేసింది. ఆమె తల వంచుకుని విన్నది. విని, చానా చిన్న గొంతుతో అంది.

"నన్ను పిలిచిందెవరక్కా?"

ఆ మాటకి ఆదెమ్మ గుండె నీరైపోయింది. మొగుడి చొక్కా వదిలేసింది. వినండి, ఆయన కాలు గట్టు మీద ఉండగా, నమ్మి వదిలేసింది. మూట విప్పి కుంకుమ పొట్లం తీసింది. దగ్గరికి పోయి, పెళ్ళికి పేరంటానికి ఆడబిడ్డని పిలిచినట్టు, గడ్డం పట్టుకుని ఆ దుమ్ము నుదుట బొట్టు పెట్టింది. వేలికి మంచుగడ్డ తగిలినట్టయ్యిందంట. పెట్టి, "ఇదిగో, నేను పిలుస్తున్నా. మా ఇంటికి రా తల్లీ," అంది.

మర్యాదకి అందా, మొగుణ్ణి దక్కించుకోవటానికి అందా, మనసులోంచి అందా అంటే, ఆమెకే తెలీదు. మూడూ కలిసే ఉంటాయి. చింతచెట్టు మీద గాలి ఆగింది. ఆమె కళ్ళెత్తి, ఎదుటి మనిషి నిజంగానే పిలుస్తుందా అని చూసుకుని, అంది.

"వస్తానక్కా."

అన్నదా? అన్నది. నోట్లోంచి మాట వచ్చేసింది. ఇంక ఆ మాటకి కట్టుబడాల్సింది ఎవరు? ఇన్నాళ్ళూ దారిన పోయేవాళ్ళని ఏ మాటతో కట్టేసిందో ఆ మాటే ఆమెని పట్టుకుంది. కాశయ్య గట్టు మీది కాలు దించాడు. చుట్టూ చూసి, ఆదెమ్మా, నువ్వెప్పుడొచ్చావే అని అడిగాడు. లారీలో దారంతా పక్కన కూర్చున్న మనిషిని. ఆమె నవ్విందో ఏడ్చిందో, చెయ్యి పట్టుకుని లారీ వైపు నడిపించుకొచ్చింది.

ఇక్కడ ఇంకో గండం. ఆ పిచ్చి మారాజు లారీ ఎక్కబోతా వెనక్కి తిరిగాడు. తిరిగి, చేతులు జోడించి, వస్... అన్నాడు. ఆదెమ్మ ఎగిరి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పళ్ళు పెదిమకి తగిలి చిట్లిందంట, బతికున్నన్నాళ్ళూ చెప్పుకునేవాడు. మరి ఆడినించి ఏం చెప్పి కదలాలి? వస్తామనకూడదు, పోతామని అనటం ఆదెమ్మ వంశంలో లేదు. ఆలోచించి, బావి వైపు తిరిగి చెప్పింది, "ఎదురుచూస్తా ఉంటాం తల్లీ."

ఆ మాటకి ఆమె మొహం ఎట్టా వెలిగిందో ఆదెమ్మ ఎంతమందికో చెప్పింది, ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా చెప్పలేకపోయింది. కూర్చుని కూర్చుని పోయిన మనిషికి, తన కోసం ఒకరు కూర్చుని ఉంటామని చెప్తే ఎట్టా ఉంటది? ఆమె లేచి నిలబడింది. లారీ కదిలితే చింతనీడ అంచుదాకా వెంట నడిచి, ఇంటికొచ్చిన చుట్టాల్ని సాగనంపినట్టు సాగనంపింది. ఆ నీడ దాటి చూసేసరికి లేదు.

పోలేరమ్మ కాడికి పోయారు. కాశయ్య మంచినీళ్ళు అడిగాడు. ఇంటి కాడనించి తెచ్చిన సీసాలో నీళ్ళు, ఎండకి కాగి ఉన్నాయి, గటగటా తాగి, ఎంత చల్లగా ఉన్నాయే అన్నాడు. పెరుగన్నం అంతా తినేశాడు, ఆదెమ్మ వాటాతో సహా. ఆమె టెంకాయ కొట్టి దణ్ణం పెట్టుకుని, ఊరుకోకుండా అమ్మవారిని కూడా నిలదీసింది. ఇంత పక్కనే ఉన్నావు, కళ్ళు రెండూ అటే ఉన్నాయి, నువ్వన్నా ఒక బొట్టు పెట్టి పిలవలేకపోయావా తల్లీ అంది. అని, లేచి, వేపచెట్టు కింద నిలబడి బూర నొక్కింది. ఒకటి నొక్కటం పద్ధతి. ఆమె ఒక్కదానితో ఆగలా. కొమ్మ కొమ్మకీ పోయి అందినవన్నీ నొక్కింది, అందనివి కాశయ్య భుజం మీద చెయ్యేసుకుని ఎగిరి నొక్కింది. పోం పోం పోం అని అడవంతా మోగిపోయింది. కాశయ్యకి హుషారొచ్చి లారీ ఎక్కి హారను పట్టుకున్నాడు. పెద్ద రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు ఈ మోత విని, ఎందుకో ఏందో తెలీకపోయినా వాళ్ళూ హారన్లు కొట్టారు. ఘాటు మీద ఎక్కేవాళ్ళు, కింద దిగేవాళ్ళు, అందరూ కొట్టారు. కొండ అవతలనించి కూడా జవాబొచ్చిందంట. ఆ మోత మధ్యలో ఆదెమ్మ జుట్టు ఊడిపోయి, మొహం ఎర్రబడి, కళ్ళనించి నీళ్ళు కారిపోతా, గెలిచి వచ్చిన రాణిలాగా నిలబడిందంట. నిలబడదూ? ఒక్క కత్తి లేదు, ఒక్క మంత్రం లేదు, బజారు మాటతో మొగుణ్ణి బావిలోంచి లాక్కొచ్చిన మనిషి.

ఆ తర్వాత కాశయ్యకి ఒళ్ళొచ్చింది, బుగ్గలొచ్చాయి. షావుకారు కూడా మళ్ళీ మామూలైపోయాడు. బళ్ళారికి పోయిన లారీ బళ్ళారికే పోయింది. లారీలవాళ్ళు ఆ బావికాడ ఆగి చూస్తే ఎవరూ కనపడలేదని చెప్పేవాళ్ళు.

ఆదెమ్మ మాత్రం చెప్పిన మాట మర్చిపోలా. ఎదురుచూస్తామని చెప్పిందిగదా. రోజూ మధ్యాహ్నం అరుగు కడిగి, చెంబుతో నీళ్ళు పెట్టి, వీధి వైపు చూస్తా కూర్చునేది. నీకేం పిచ్చే, వస్తానన్నవాళ్ళంతా వస్తారా అని జనం నవ్వేవాళ్ళు. వేరేవాళ్ళ సంగతి నాకు తెలీదు, ఆమె మాత్రం వస్తది, మాట విలువ ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు అనేది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. వీధిలోంచి ఎవరూ రాలా. కానీ ఆదెమ్మకి నెల తప్పింది. అన్నేళ్ళకి.

పుట్టింది ఆడపిల్ల. మిట్టమధ్యాహ్నం పుట్టింది. మంత్రసాని బిడ్డని తుడిచి, నుదుటి మీద ఏదో ఎర్రగా అంటుకుందని మళ్ళీ తుడిచింది. పోలా. ఎంత తుడిచినా పోలా. ఆదెమ్మ ఇట్టా తెమ్మని చేతుల్లోకి తీసుకుని చూసి, ఆ మచ్చ మీద వేలు పెట్టి, వచ్చావా తల్లీ అంది.

ఏందే, చేతులు ఆగిపోయాయి అందరివీ? తియ్యండి తొడిమలు. ఏమన్నావు, ఆ పిల్లకి పేరేం పెట్టారనా? ఇంకేం పెడతారు, బాట పోలేరమ్మ పేరే పెట్టుకున్నారు. నా పేరేందో తెలీకుండానే రోజూ పోలమ్మవ్వా పోలమ్మవ్వా అని పిలుస్తున్నారా మీరు? ఆ దీపం ఇట్టా తీసుకురా. చూడు, దగ్గరికొచ్చి చూడు, భయమెందుకు. మొగుడు పోయాక కూడా బొట్టు తీయలేదని వెనకాల అనుకుంటారుగదా మీ అమ్మలు? ఇది తీస్తే వచ్చేది కాదు. మా అమ్మ పెట్టింది.

ఇంక లేవండి, చాలు, చీకటి పడింది. ఆ బావి కాడికి మాత్రం ఎవరూ పోవద్దు. రాళ్ళు కదిలిపోయి ఉన్నాయి, పాములున్నాయి, పోయినా ఆడ పలకరించేవాళ్ళు లేరు. ఉన్న ఒక్కదాన్నీ ఈడ కూర్చుని మిరపకాయలు తీస్తున్నా. ఏందీ? వస్తాం అవ్వా అన్నావా? అన్నావు, నేను విన్నా. సరే, రా. రేపు పొద్దుగూకాక ఈడే, ఈ అరుగు మీదే ఉంటా. మర్చిపోకు. నాకసలే కూర్చుని ఎదురుచూసే అలవాటు.